మీదికి ఎగబడే పుంజును దారికి తేవడం: పెరటి కోళ్లు పెంచేవారికి సమగ్ర మార్గదర్శి

పొద్దున్నే గంప ఎత్తగానే పెట్టలన్నీ పెంటకుప్ప వైపు పరుగెత్తుతాయి. పుంజు మాత్రం నాలుగడుగులు వేసి ఆగి, తల పక్కకు తిప్పి, ఒంటికంటితో మీ కాళ్ల వైపు చూస్తుంది. మీరు చీపురు కోసం వంగేలోపు పిక్క మీద దాని రెండు కాళ్లూ పడతాయి. భీమవరం దగ్గరి మా పల్లెలో, మా పెరట్లో మూడేళ్ల క్రితం ఇలాగే మొదలైంది. అది డేగ రంగు నాటు పుంజు. అప్పటికి ఏడాది కూడా నిండలేదు. పిల్లగా ఉన్నప్పటి నుంచి మా అరచేతిలో నూకలు తిన్నది. మొదటి దెబ్బ మా అమ్మ పిక్కకు తగిలింది. రెండో దెబ్బ ఐదేళ్ల మా అన్నయ్య కూతురి మోచేతికి తగిలింది. పాప భయపడి ముఖానికి చేయి అడ్డం పెట్టుకుంది కాబట్టి మోచేతితో పోయింది. లేకపోతే ఎక్కడ తగిలేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత నెల రోజులు మేము చేసినవి, అందులో పనిచేసినవి, చేయి జారినవి, ఊళ్లో కోళ్లు పెంచే పెద్దవాళ్లు, పశువైద్యుడు చెప్పినవి వరుసగా రాస్తున్నాను. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మాత్రం మిగతాది చదివే ముందే పుంజును గంప కింద పెట్టి రండి.

అది ఎందుకు ఎగబడుతుంది

కోళ్ల మందలో ఎవరి తర్వాత ఎవరన్న వరుస ఒకటి ఉంటుంది. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బె చిన్నతనం నుంచి కోళ్లను గమనిస్తూ, ఏ కోడి ఏ కోడిని పొడుస్తోందో రాసి పెట్టుకుని, 1920ల మొదట్లో ఆ వరుసను శాస్త్రలోకం ముందుంచాడు. మన అమ్మమ్మలకు ఆ సంగతి అనుభవం మీద తెలుసు. కొత్త పెట్టను మందలో కలపాలంటే చీకటి పడ్డాక గంప కిందికి చేర్చేవారు. తెల్లారి లేచేసరికి గొడవ సగం తగ్గేది.

పుంజుకు ఆ వరుసలో పై చోటుతో పాటు కాపలా పని కూడా ఉంటుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక రకంగా అరుస్తుంది, నేల మీద కుక్కో ముంగిసో వస్తే మరో రకంగా అరుస్తుంది. పురుగు దొరికితే తాను మింగకుండా ముక్కుతో ఎత్తి పడేస్తూ పెట్టలను పిలుస్తుంది. ఇంత పని నెత్తిన పెట్టుకున్న జీవికి మీ కాళ్లు, మీ చీపురు, గాలికి ఊగే చీర కుచ్చెళ్లు ప్రమాదంలా కనిపించిన రోజున దాడి మొదలవుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కూత పడుతుంది, ఒంట్లో మగతనం పొంగుతుంది. అక్కడి నుంచి ఏడాదిన్నర దాకా దాని తెగువ ఎక్కువ. చాలా పుంజులు ఈ వయసులోనే మొదటిసారి మనుషుల మీదికి వస్తాయి.

ముద్దుగా చేతిలో పెంచిన పుంజే ఎక్కువగా ఎగబడటం చూసి మేము బాధపడ్డాం. కానీ అందులో వింత ఏమీ లేదు. తల్లి కింద పెరిగిన పిల్లకు మనిషంటే కొంత బెరుకు ఉంటుంది, దూరం పాటిస్తుంది. చేతిలో పెరిగిన పుంజుకు ఆ బెరుకు ఉండదు. అది మిమ్మల్ని మందలో ఒకరిగా లెక్కవేసి, మీతో కూడా వరుస తేల్చుకోవాలని చూస్తుంది.

గోదావరి జిల్లాల్లో ఇంకో మాట వినిపిస్తుంది: "అది పందెం రక్తం, అంతే, మారదు." నేను దీన్ని ఒప్పుకోను. అసీల్ జాతి పుంజు సాటి పుంజు కనిపిస్తే ప్రాణం పోయేదాకా వదలదు, నిజమే. కానీ అదే పుంజు పెంచినవాడి చంకలో పసిపాపలా కూర్చుంటుంది. రోజూ పట్టుకుంటారు, ఒళ్లు రుద్దుతారు, నీళ్లలో ఈదిస్తారు, చేత్తో మేత పెడతారు. చేతిలో ఉండటం దానికి అలవాటైపోతుంది. సాటి కోడి మీద కోపం వేరు, మనిషి మీదికి రావడం వేరు. కత్తి కట్టి ఆడించే ఆ పందేన్ని నేను ఏనాడూ సమర్థించను. రోజూ చేతితో పట్టుకునే ఆ అలవాటును మాత్రం మనం నేర్చుకోవచ్చు. కింద చెప్పబోయే పద్ధతిలో సగం దాని మీదే నిలబడి ఉంది.

మొదటి అడుగు: ఈ రోజే ప్రమాదం ఆపండి

పుంజు ఎగిరితే దాని కాళ్లు చిన్నపిల్లల ముఖం ఎత్తుకు వస్తాయి. కాబట్టి పుంజు బయట ఉన్నంతసేపు పిల్లలు పెరట్లో ఉండకూడదు, పిల్లలు ఆడుకునేటప్పుడు పుంజు గంప కిందో జాలీ వెనుకో ఉండాలి. "నేను పక్కనే ఉన్నాను కదా" అనుకోవద్దు. అన్నయ్య కూతురికి దెబ్బ తగిలినప్పుడు నేను మూడు అడుగుల దూరంలోనే ఉన్నాను.

పెద్దవాళ్లు పెరట్లోకి వెళ్లేటప్పుడు మందపాటి ప్యాంటు, పాదాలు కప్పే చెప్పులు లేదా పొలంలో వేసుకునే రబ్బరు బూట్లు వేసుకోవాలి. చేతిలో చేట గానీ బకెట్ మూత గానీ ఉంచుకోండి. అది కొట్టడానికి కాదు, మీ కాళ్లకూ పుంజుకూ మధ్య గోడలా అడ్డం పెట్టడానికి. వృద్ధులు, ముఖ్యంగా పిక్కల్లో నరాలు ఉబ్బి ఉన్నవాళ్లు, ఈ నెల రోజులు కోళ్ల పని వేరేవాళ్లకు అప్పగించడం మంచిది. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుతున్న ఒక పెద్దావిడను పుంజు కాలి మీద పొడిస్తే, ఉబ్బిన నరం తెగి రక్తం పోయి ఆమె చనిపోయిన సంగతి వైద్య పత్రికలో నమోదైంది. చాలా అరుదు. అయినా తెలిసి ఉండాలి.

రెండో అడుగు: వారం రోజులు చూసి రాయండి

ఒక పాత నోటు పుస్తకం గూటి దగ్గర వేలాడదీయండి. ఎప్పుడు ఎగబడింది, ఎవరి మీదికి, ఆ మనిషి ఏ బట్టలు వేసుకున్నారు, చేతిలో ఏముంది, ఆ క్షణానికి ముందు ఏం జరిగింది, ఇంతే రాయాలి. మా పుస్తకంలో ఆరో రోజుకే ఒక సంగతి బయటపడింది. పదకొండు సార్లలో ఎనిమిది సార్లు ఎవరో ఒకరు పెట్టను చేత్తో పట్టుకున్నారు, లేదా చీపురు ఊపారు. పెట్ట అరిస్తే పుంజు వచ్చేది. ఆ రోజు నుంచి పెట్టలను పట్టుకునే పని పుంజును మూసిన తర్వాతే పెట్టుకున్నాం. అక్కడికే దాడులు సగానికి సగం తగ్గాయి.

దాడికి ముందు పుంజు చెప్పే మాటలు కూడా ఈ వారంలోనే నేర్చుకోవాలి. ఒక రెక్కను నేలకు ఆనించి ఈడుస్తూ పక్కవాటుగా చుట్టూ తిరుగుతుంది. మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటాయి. ఏమీ లేని చోట నేలను పొడుస్తూ, గింజ దొరికినట్టు నటిస్తూ దగ్గరికి వస్తుంది. కదలకుండా ఒంటికంటితో చూస్తుంది. రెక్క ఈడ్చే ఆటను పెట్టల ముందు కూడా ఆడుతుంది, కానీ మీ ముందు ఆడితే అది సవాలు. ఆ దశలో గుర్తుపట్టగలిగితే ఎగరడం దాకా రాకుండానే ఆపవచ్చు.

మూడో అడుగు: కారణాలు తీసేయండి

పెట్టలు తక్కువైతే పుంజు చికాకు పెరుగుతుంది. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలి. మూడు పెట్టలకు ఒక పుంజు ఉంటే పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతాయి, గూట్లో గొడవ ఆగదు. రెండు పుంజులు ఉంటే అవి ఒకదాన్ని ఒకటి చూసి రోజంతా రెచ్చిపోయి ఉంటాయి. ఆ వేడిలో మీరు మధ్యకు వెళ్తే దెబ్బ మీకు తగులుతుంది. ఒకదాన్ని వేరు చేయండి. గూట్లో ఒక్కో కోడికి కనీసం రెండు చదరపు అడుగుల చోటు, పగలు తిరగడానికి పెరడు, దాక్కోవడానికి ఒక పొదో పాత బండి చాటో ఉండాలి.

నొప్పి ఉన్న పుంజు కూడా ఎగబడుతుంది. రాత్రి టార్చి తీసుకుని గూటి చెక్కల సందులు చూడండి. పగలు అక్కడ దాక్కుని రాత్రి రక్తం తాగే గోమార్లు కనిపిస్తే గూడు మొత్తం ఖాళీ చేసి కడిగి, ఎండబెట్టి, సున్నం పూయాలి. కోళ్లు దొర్లడానికి బూడిద కలిపిన పొడి మట్టి గుంట ఒకటి ఏర్పాటు చేయండి. రెక్కల కింద, మలద్వారం చుట్టూ పేలు ఉన్నాయేమో చూడండి. పాదం అడుగున వాపు ఉన్నా, తురాయి నల్లబడినా పశువైద్యుడికి చూపించాలి.

నాలుగో అడుగు: దాని ముందు ఎలా నడవాలి

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది ఇదే. అందరూ తప్పు చేసేది కూడా ఇక్కడే.

పుంజు వస్తే మనం రెండు పనుల్లో ఒకటి చేస్తాం. భయపడి పరుగెత్తుతాం, లేదా కోపంతో తన్నుతాం. పరుగెత్తితే గెలిచానని దానికి తెలుస్తుంది, రేపు ఇంకా ముందుగా వస్తుంది. తన్నితే సాటి పుంజు తిరిగి పోటీకి వచ్చినట్టే లెక్క. పోటీకి వచ్చినవాడితో పోరాడటం దాని ఒంట్లోనే ఉంది. మా ఇంట్లో మొదటి వారం మా అన్నయ్య కర్రతో అదిలించాడు. పుంజు అన్నయ్యను చూస్తే దూరంగా పోయేది, కానీ ఆ కసి అమ్మ మీద, పాప మీద తీర్చుకునేది. కర్ర ఒక మనిషి మీద భయాన్ని నేర్పింది, మనుషులందరి మీద అనుమానాన్ని పెంచింది. దయచేసి కర్ర పక్కన పెట్టండి.

చేయాల్సింది ఇది. పుంజు సవాలు చేస్తూ చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే ఆగండి. దాని వైపు తిరిగి నిలబడండి, కానీ కళ్లలోకి తదేకంగా చూడకండి. చేటను కాళ్ల ముందు దించి పట్టుకోండి. అది ఎగిరితే చేటకు తగలనివ్వండి, మీరు చేటను ముందుకు విసరకండి, వెనక్కి జరగకండి. రెండు మూడు సార్లు ఎగిరి, ఏమీ జరగక, ఈకలు దులుపుకుని పక్కనున్న గడ్డిని పొడవడం మొదలుపెడుతుంది. ఆ క్షణం కోసమే ఎదురుచూడాలి. అది తల దించుకుని మేతలో పడ్డాక, నెమ్మదిగా, మామూలు నడకతో, దాని పక్కనుంచి మీ పనికి మీరు వెళ్లండి. దానికి దారి ఇస్తూ చుట్టూ తిరిగి పోవద్దు. అది ఉన్న చోటు గుండా నడిస్తే అదే పక్కకు జరుగుతుంది. అలా జరగడం రోజుకు పదిసార్లు జరిగితే వరుసలో మీ చోటు ఏదో దానికి గొడవ లేకుండా అర్థమవుతుంది.

మేత వేయడంలో కూడా పద్ధతి ఉంది. "బో బో బో" అని పిలిచి, నూకలో జొన్నలో రెండు చోట్ల చల్లండి, ఒకటి మీ పాదాలకు దగ్గరగా, ఒకటి పది అడుగుల దూరంలో. పుంజు పెట్టలను పిలిచి తినిపించే పనిలో పడితే మీ ఉనికి మేతతో ముడిపడుతుంది. సవాలు చేస్తున్నప్పుడు మాత్రం దాని దృష్టి మళ్లించడానికి గింజలు చల్లకండి. ఎగబడితే మేత వస్తుందని నేర్చుకుంటుంది. మా అమ్మ జాలితో నాలుగు రోజులు అదే పని చేసింది, ఆ నాలుగు రోజులూ పుస్తకంలో దాడుల లెక్క పెరిగింది.

ఇంట్లో అందరూ ఒకే రీతిలో ఉండాలి. ఒకరు ఓపికగా నిలబడి, ఇంకొకరు చెప్పు విసిరితే నెల రోజుల శ్రమ నీళ్లపాలు.

ఐదో అడుగు: రాత్రి పట్టుకుని చంకలో పెట్టుకోండి

చీకట్లో కోళ్లకు సరిగా కనిపించదు. అందుకే గూట్లో కూర్చున్నాక పుంజును పట్టుకోవడం తేలిక, పెనుగులాట ఉండదు. రెండు చేతులతో రెక్కలను ఒంటికి అదిమి ఎత్తండి. ఎడమ చంకలో పెట్టుకుని ఒక రెక్క మీ ఒంటికీ, రెండో రెక్క మీ మోచేతికీ ఆనేలా ఉంచండి. రెండు కాళ్లను అదే చేతి వేళ్ల మధ్య పట్టుకోండి. తల వెనక్కి, మీ ముఖానికి దూరంగా ఉండాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం ఊళ్లలో మామూలే కానీ, దానికి ఊపిరి ఆడదు, భయం పెరుగుతుంది.

అలాగే పది పదిహేను నిమిషాలు నిలబడండి. పెనుగులాడితే వదలకండి, పిసకకండి. శాంతించి ఒళ్లు వదులు చేసిన తర్వాతే గూట్లో దించండి. మెడ కింద, ఛాతీ మీద నెమ్మదిగా నిమిరితే చాలా పుంజులు కళ్లు మూసుకుంటాయి. తల నేలకు అదిమి పట్టి లొంగదీయాలని కొందరు చెబుతారు. పాతవాళ్లు కూడా చెబుతారు. నాకు అది నచ్చదు, అవసరం పడలేదు. వారం రాత్రుల తర్వాత ఇదే పని పగలు, మిగతా కోళ్ల ముందు చేయండి. చంకలో పెట్టుకునే గుడ్లు ఏరండి, నీళ్లు పోయండి.

ఆరో అడుగు: కాలి ముల్లు మొద్దు చేయడం

ఏడాది లోపు పుంజుకు కాలి వెనుక వైపు పెరిగే ముల్లు చిన్న బొడిపెలా ఉంటుంది. గీరేది గోళ్లే. రెండేళ్లు దాటితే ముల్లు పొడవై, వంపు తిరిగి, మొనదేలుతుంది. పైన కొమ్ములాంటి గట్టి తొడుగు, లోపల రక్తం పారే ఎముక ఉంటాయి. అందుకే మొదలు దగ్గర కోయకూడదు, పీకకూడదు. ఒకరు పుంజును చంకలో పట్టుకుంటే ఇంకొకరు ఆకురాయితో కొసను మాత్రం గుండ్రంగా అరగదీయాలి. ఒక్కసారికి రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. వేడి బంగాళదుంప గుచ్చి తొడుగు ఊడదీసే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. కాళ్లు కాలుతాయి, చేయకండి. పొరపాటున రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు అదిమి పట్టి, ఆగాక పసుపు అద్దండి. గోళ్ల కొసలు కూడా ఇలాగే అరగదీయవచ్చు.

ఏడో అడుగు: కొన్నాళ్లు విడిగా

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మార్పు కనిపించకపోతే పుంజును మూడు నాలుగు రోజులు విడిగా ఉంచండి. మంద కనిపించేలా జాలీ వెనుక, నీడ, నీళ్లు, మేత ఉండాలి. ఎండాకాలంలో రోజంతా గంప కింద మూసి ఉంచితే వడదెబ్బతో చనిపోతుంది. తిరిగి వదిలినప్పుడు కొంతసేపు తన చోటు తానే వెతుక్కునే పనిలో ఉంటుంది. ఆ సమయంలో మీరు పెరట్లో ఎక్కువగా తిరగాలి.

గాయమైతే

గోరు, ముల్లు చేసే గాయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది, లోపల లోతుగా ఉంటుంది. కోడి కాళ్లు పెంటలో, మట్టిలో తిరిగినవి. పారే నీటి కింద సబ్బుతో బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మరునాటికి ఎర్రబడి వాచినా, సలుపు పెరిగినా ఆలస్యం చేయవద్దు. కంటికి తగిలితే నలపకూడదు, ఆకు పసర్లు, తల్లిపాలు పోయకూడదు. ఒక శుభ్రమైన కప్పు కంటి మీద ఆనకుండా అడ్డం పెట్టుకుని నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ఉబ్బిన నరం తెగి రక్తం కారితే పడుకోబెట్టి కాలు ఎత్తి, గుడ్డతో గట్టిగా అదిమి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గడువు పెట్టుకోండి

నేను నెల రోజులు పెట్టుకున్నాను. ఆ గడువులో పెద్దల మీద దాడులు ఆగాలి, సవాళ్లు తగ్గాలి. గడువు దాటాక కూడా ఎగబడుతుంటే, లేదా ఈలోపే పిల్లల మీద మళ్లీ ఒక్కసారి ఎగబడినా, దాన్ని ఆ ఇంట్లో ఉంచుకోవడం సరికాదని నా అభిప్రాయం.

పుంజు లేకపోతే గుడ్లు ఆగిపోతాయని కొందరు భయపడతారు. ఆగవు. పెట్ట పుంజు లేకుండానే గుడ్లు పెడుతుంది, కాకపోతే వాటిలోంచి పిల్లలు రావు. పుంజును తీసేసిన తర్వాత కూడా దాదాపు రెండు వారాలు పిల్లలు పుట్టే గుడ్లు వస్తాయి. పొదిగే పెట్ట సిద్ధంగా ఉంటే ఆ గుడ్లు దాని కింద పెట్టవచ్చు, ఇరవై ఒక్క రోజులకు పిల్లలు వస్తాయి. కానీ మనిషి మీదికి వచ్చే పుంజు గుడ్లను నేనైతే పెట్టను. గుణం కొంత పిల్లలకూ దిగుతుంది.

ఎవరికైనా ఇస్తే నిజం చెప్పి ఇవ్వండి. పిల్లలున్న ఇంటికి దాచిపెట్టి అంటగట్టడం తప్పు. సంక్రాంతికి రెండు మూడు నెలల ముందు పుంజులు కొనేవాళ్లు వాకిళ్ల చుట్టూ తిరుగుతారు, తెగువ ఉన్న పుంజుకు మంచి ధర చెబుతారు. జంతువులను కొట్లాటకు రెచ్చగొట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన చేతిలో నూకలు తిన్న పుంజు కాలికి కత్తి కట్టించడానికి మనసు రాకూడదు. ఇంటి కూరకు వాడుకోవాలనుకుంటే అది మీ నిర్ణయం. పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. పరుగులు పెట్టించకుండా, పట్టపగలు పిల్లల ముందు కాకుండా, రాత్రి శాంతంగా పట్టుకుని, అలవాటున్న చేతికి అప్పగించండి.

మళ్లీ పుంజును పెంచేటప్పుడు

మగపిల్లలను ఒంటరిగా ఇంట్లో, చేతుల మీద పెంచకండి. తల్లి కింద, పెద్ద కోళ్ల మధ్య పెరగనివ్వండి. పెద్ద పెట్టలు రెండు పోట్లు పొడిచి మర్యాద నేర్పుతాయి. ఒక దాన్నే నమ్ముకోకుండా మూడు నాలుగు మగపిల్లలను ఆరు నెలల దాకా చూసి, పెట్టలను పిలిచి తినిపించేది, గద్దను చూసి అరిచేది, మీరు నడిస్తే పక్కకు జరిగేది ఏదో దాన్ని ఉంచుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు పెంచేవాళ్లు కూడా ఇలాగే గుణం చూసి ఏరుకోవాలి. జాతి పేరు చూసి గుణం నిర్ణయించకండి.

మా డేగ పుంజు మూడో వారానికి అమ్మ చంకలో కూర్చుని గుడ్లు ఏరడానికి వెంట వచ్చేది. అమ్మ మీద గానీ నా మీద గానీ మళ్లీ ఎగరలేదు. ఇరవై ఆరో రోజు పాప మెట్ల మీద నుంచి దూకితే జాలీ లోపలి నుంచే ఆమె ముఖం ఎత్తుకు ఎగిరింది. ఆ సాయంత్రమే నిర్ణయం తీసుకున్నాం. పిల్లలు లేని మా పిన్ని వాళ్ల కొబ్బరితోటకు, సంగతంతా చెప్పి, చీకటి పడ్డాక గంపలో పెట్టి తీసుకెళ్లాను. నోటు పుస్తకం కూడా పిన్నికి ఇచ్చాను. పన్నెండు పెట్టలతో తోటలో ఉంది. పిన్ని ఇప్పటికీ లోపలికి వెళ్లేటప్పుడు చేట పట్టుకునే వెళ్తుంది.